జీపు సీట్లకు నేను చెప్పిన ధర

మా పాత జీపుకు కొత్త సీట్లు కుట్టించాలని ఇల్లందులో సీట్ల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు ఇరవై వేలు అడిగాడు. ఎక్కువ కదా అంటే పదిమంది ముందు నవ్వాడు.

"జాకెట్లు కుట్టుకునేదానివి, నీకేం తెలుస్తదమ్మా? అగ్గువకు కావాల్నంటే నువ్వే కుట్టుకో."

ఆ మాటకు ఒళ్లు మండింది. రెగ్జిన్, స్పాంజి కొనుక్కొచ్చి నేనే మొదలుపెట్టాను. నా మిషను మీద సూదులు వరసగా విరిగాయి. రెగ్జిన్ తప్పు కత్తిరించి మళ్లీ కొన్నాను. నెల పట్టింది.

సీట్లు బిగించగానే జీపు తీసుకెళ్లి సరిగ్గా అతని దుకాణం ముందే ఆపాను. లోపల బేరమాడుతున్న కారేపల్లి రైతు ఒకాయన బయటికొచ్చి సీట్లు తడిమి చూశాడు.

"మస్తుగున్నయ్. ఎంతైందమ్మా?"

నిజానికి పద్దెనిమిది వేలు దాటింది.

"ఏడు వేలే అన్నా," అన్నాను, దుకాణంలోకి వినపడేలా. రైతు బేరం వదిలేసి వెళ్లిపోయాడు. చెప్పింది అబద్ధమే. ఇప్పుడడిగినా అదే చెప్తాను.