అరగని బ్రేకులు

మరమగ్గాలను మా వైపు సాంచెలంటారు. మా బావ వాటి మధ్య ముప్పై ఏళ్లు పనిచేశాడు. వరసలో ఏ సాంచె తేడాగా మోగినా కళ్లు మూసుకుని చెప్పేవాడు. అలాంటి మనిషిని కారులో కూర్చోబెట్టుకుని, బ్రేకులు కీచుమంటుంటే వినబడనట్టు నడపడం నా తెలివి.

"ఎనుక ఎడమ చక్రం," అన్నాడు కరీంనగర్ బస్టాండు దగ్గర. "గట్టిగ మొత్తుకుంటున్నది బామ్మర్దీ. జర సూపియ్యరాదు?"

"హైబ్రిడ్ బండ్లు గట్లనే అంటయి బావా," అన్నాను. ఆయన దగ్గర అబద్ధం నాకు అలవాటైపోయింది.

అక్క పోయి అప్పటికి ఎనిమిది నెలలు. చనిపోయే ముందు ఆదిలాబాద్‌లో మా ఇంట్లో వారం రోజులుండి, నా కారులో కరీంనగర్ తిరిగి వెళ్లింది. ముందు సీట్లో ఏసీ గాలి పడదని వెనుక బాసింపట్టు వేసుకుని కూర్చునేది. బెల్టు పెట్టుకోమంటే "నన్ను కట్టేస్తవారా?" అని నవ్వేది. ఇచ్చోడ దాటాక ఒక లేగదూడ రోడ్డు మీదికి ఉరికింది. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. దూడ బతికింది. అక్క తల తలుపు పక్కనున్న కమ్మీకి కొట్టుకుంది.

దెబ్బ చెవి పైన, జుట్టులో. రక్తం రాలేదు. నేను నీళ్ల సీసా అందిస్తే తాగి, నన్ను తిట్టి, నవ్వింది. "మీ బావకు చెప్పకు తమ్మీ. మల్ల నన్ను కారెక్కనియ్యడు," అని ఒట్టేయించుకుంది. నిర్మల్‌లో ఆగితే రెండు ఇడ్లీలు కూడా తిన్నది.

రెండు వారాలకు బావ ఫోన్ చేశాడు. "మీ అక్క తలనొస్తుంది అంటున్నది. డాక్టర్‌కు సూపిచ్చిన. గోలీలిచ్చిండు, ఫికర్ లేదన్నడు." నేను హమ్మయ్య అనుకున్నాను, దెబ్బ సంగతి చెప్పలేదు. ఒట్టు ఒక సాకుగా దొరికింది గానీ నన్ను ఆపింది అసలు భయమే. మూడో రోజు అక్క స్పృహ తప్పింది. పెద్దాసుపత్రిలో స్కాన్ తీసి, తలలో రక్తం గడ్డకట్టి చాలా రోజులైందన్నారు. అక్క మళ్లీ కళ్లు తెరవలేదు.

బాత్రూంలో జారిపడి తనకు చెప్పకుండా దాచిందని బావ నమ్మేశాడు. దినాలయ్యాక గడ్డపార పట్టుకుని ఆ నున్నటి టైల్సన్నీ తనే పగలగొట్టాడు. ఆ పెంకులను తట్టలో మోసింది నేను. మోస్తూ కూడా నోరు విప్పలేదు. నాలాంటి పిరికివాణ్ని నేను ఇంకొకణ్ని చూడలేదు.

ఆ తర్వాత నేను బ్రేకు గట్టిగా తొక్కింది లేదు. ఎదుట లారీ కనబడితే ఫర్లాంగు దూరం నుంచే కారును నెమ్మది చేసేవాణ్ని. వెనుక సీటు కంటపడకుండా అద్దాన్ని పైకి తిప్పి పెట్టాను. అయినా చక్రం కీచుమన్నప్పుడల్లా వెనుక ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు అనిపించేది.

బావ పట్టిన పట్టు వదలడు. చివరికి తనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. గడ్డం నెరిసిన ఆ భాయ్ కారును జాకీ మీద ఎత్తి, చక్రం విప్పి, లోపలి డిస్కు చూపించాడు. నిండా తుప్పు.

"ప్యాడ్లు అరిగినయా?" అన్నాడు బావ.

"అరగలే సాబ్, గదే బీమారి. గీ బండ్లల్ల మెల్లగ తొక్కితే మోటరే ఆపుతది, బ్యాటరీ చార్జ్ అయితది. గట్టిగ తొక్కితెనే ప్యాడ్లు పోయి డిస్కును పట్టుకుంటయి, తుప్పు రాలుతది." భాయ్ నా వైపు తిరిగాడు. "నెలల సంది ఎవ్వరు గట్టిగ తొక్కలే. గింత భయపడుకుంట ఎందుకు నడుపుతున్నరు సార్?"

బావ కూడా నా వైపే చూశాడు.

భాయ్ తుప్పు గీకి చక్రం బిగించాడు. ఇక ఖాళీ బైపాస్ మీద అరవై స్పీడులో పోతూ పదిసార్లు గట్టిగా తొక్కాలట, అప్పుడే చప్పుడు పూర్తిగా పోతుందట. భాయ్ నా పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. బావ వెనుక ఎక్కాడు, అక్క కూర్చునే వైపు.

బైపాస్ మీదికి వచ్చాక కారు పక్కకు ఆపేశాను. "బెల్టు పెట్టుకో బావా."

"ఎనుక కూసున్నోళ్లకు ఎందుకురా?"

అప్పుడు చెప్పాను. దూడ, దెబ్బ, ఒట్టు, అన్నీ. వెనక్కి తిరిగే ధైర్యం లేక, ముందున్న రోడ్డును చూస్తూ చెప్పాను. భాయ్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

బావ తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. వెనుక బెల్టు బిగిసిన చప్పుడైంది. "నడువు," అన్నాడు.

ఎట్లా తొక్కానో తెలియదు, పదిసార్లూ తొక్కాను. కీచుమనడం పోయింది. భాయ్‌ని షాపు దగ్గర దింపి, బావను ఇంటికి తీసుకెళ్లాను. ఇల్లు వచ్చినా బావ దిగలేదు.

"తలనొస్తుందని తీస్కపోయిన నాడు," అన్నాడు, "డాక్టర్ అడిగిండు. ఏడన్న పడ్డదా, తలకు ఏమన్న తాకిందా అని. మీ అక్క నా మొకం దిక్కు చూసింది. ఎందుకు చూసిందో నాకు సమజ్ కాలే. లేదు సార్ అని నేనే చెప్పిన."