పాచి మెట్ల మీద నలభై నత్తలు

ఒక మనిషి తన నెల్లాళ్ల కష్టాన్ని నలభై నత్తలకు విందుగా వడ్డించిన ఘోరం ఇది. ఆ మహాదాతను నేనే. నవ్వొస్తే మొహమాటపడకండి.

ఫిల్మ్‌నగర్‌లో ఆర్ట్ అసిస్టెంటుగా చేరిన కొత్తలో, పాడుబడ్డ బంగళా సెట్లో చిన్న కొలను కట్టాం. మెట్లకు నిజమైన పాచి కావాలన్నారు డైరెక్టర్‌గారు. నెల రోజులు పేడనీళ్లు పోసి, చంటిపిల్లను సాకినట్టు సాకాను.

"ఈ సీన్ గట్టెక్కితే టైటిల్స్‌ల నీ పేరేయిస్త," అన్నాడు మా ఆర్ట్ డైరెక్టర్ యాదగిరన్న.

సగం సీన్ తీశారు. పాచిని అందరూ మెచ్చుకున్నారు. హీరోగారి డేట్లు కుదరక మిగతా సగం పన్నెండు రోజులు వాయిదా పడింది.

మెచ్చుకోలు నా తలకెక్కింది. క్లోజప్‌లో ఓ నత్త పాకితే ఎంత సహజంగా ఉంటుందో అనిపించి, ఎర్రగడ్డలో అక్వేరియం చేపలమ్మే షాపుకెళ్లి నలభై కొన్నాను.

"వీటికి తిండేం పెట్టాలి భయ్యా?"

"పాచి ఉందంటున్నవ్ కద. గదే మేస్తయి. నువ్వేం ఫికర్ పడకు."

దాణా గొడవ తప్పిందని ఈల వేసుకుంటూ వచ్చాను. చూశారా, పాపం అతను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నత్తల్ని నీళ్లలో వదిలి సెట్‌కు తాళం వేశాను.

షూటింగ్ రోజు పొద్దున తాళం తీస్తే మెట్లు పెళ్లింటి గచ్చులా మెరుస్తున్నాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు; ఇవి పాకుతూ తిని నా భవిష్యత్తును కరిగించాయి. కోపం రావాలి కదా, ముచ్చటేసింది. మూలలు, సందులు, మెట్ల కింది అంచులు, ఎక్కడా పచ్చ చుక్క లేదు. అరుపుల్లేవు, తొందర లేదు, టీ బ్రేక్ లేదు. ఆఖరి మెట్టు మీద నత్తల్లో ఓ పెద్దాయన ఇంకా ఏమైనా మిగిలిందేమోనని వెతుకుతున్నాడు.

గబగబా పచ్చరంగు పూశాను. డైరెక్టర్‌గారు మానిటర్‌లో చూసి, "ఏంటయ్యా ఇది? నత్తలు సహజంగా ఉన్నాయి. పాచే నటిస్తోంది," అని ప్యాకప్ చెప్పేశారు.

యాదగిరన్న ఒక నత్తను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, టైటిల్స్‌లో నా పేరు..."

"పని చేసినోళ్ల పేర్లే ఏస్తరు. జర వాటి పేర్లు అడిగి రాస్కరాపో."

అందుచేత నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: నాకంటే శ్రద్ధగా పనిచేసేవాళ్లను ఈ జన్మలో సెట్లోకి రానివ్వను.