ఎవరి ప్లేటు వాళ్లే ఇవ్వాలి

ముప్పై రెండేళ్లు గనిలో ఉద్యోగం చేశాను కానీ ఒక్క పెళ్ల బొగ్గు కూడా తవ్వలేదు. ల్యాంప్ రూంలో కూర్చునేవాణ్ని. కిందికి దిగే మనిషికి టోపీకి పెట్టుకునే దీపం ఇవ్వడం, షిఫ్టు అయి పైకొచ్చాక తిరిగి తీసుకుని దాని నంబరు దగ్గర పెట్టడం నా పని. ఏ నంబరు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు లెక్క. అందుకే ఎవరి దీపం వాళ్లే తెచ్చి ఇవ్వాలి. "అన్నా, మా బావది గూడ తీస్కో, క్యాంటీన్ల ఉన్నడు" అంటూ ఎవడైనా కిటికీలోంచి రెండు దీపాలు తోస్తే ఒకటి వెనక్కి తోసేవాణ్ని. బావనే రమ్మను, మొహం చూడాలి అనేవాణ్ని. వెనక మొండోడు అని తిట్టుకునేవాళ్లు. కొందరు మొహం మీదే తిట్టేవాళ్లు.

రిటైరయ్యాక ఆ మొండితనం ఇంట్లోవాళ్ల మీద పడింది. చెప్పులు వరుసలో లేవని, గ్లాసు తీసినచోట పెట్టలేదని పొద్దస్తమానం గొణిగేవాణ్ని. "మామా, మీరు రిటైరైన్రు గని మీ డ్యూటీ రిటైర్ కాలె" అని కోడలు నవ్వేది. ఆమె నవ్వితే నాకు ఇంకా మండేది.

సిస్టర్ల దగ్గరికి నన్ను లాక్కెళ్లింది నా భార్య. ఆమెకు షుగర్. కాలి మీద పుండు లేచి ఎంతకీ మానలేదు. మా కాలనీ వెనకాల ముగ్గురు చర్చి సిస్టర్లు దిక్కులేని ముసలి ఆడవాళ్ల కోసం ఒక ఆశ్రమం నడుపుతారు. వాళ్లలో నర్సు చదివిన సిస్టర్ నెల రోజుల పాటు రోజూ మా ఇంటికి నడిచొచ్చి కట్టు కట్టింది. టీ ఇస్తే తాగేది, అంతే. కాలు నయమయ్యాక నా భార్య ప్రతి ఆదివారం ఆశ్రమానికి వెళ్లి అవ్వలకు తలలు దువ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి కాలనీ ఆడవాళ్లు ఒకరు పప్పు, ఒకరు పచ్చిపులుసు పట్టుకుని బయల్దేరారు. మా పక్క క్వార్టరాయన మాత్రం "జాగ్రత్త, మిమ్మల్ని గూడ వాళ్లల్ల కలుపుకుంటరు" అని హెచ్చరించాడు. ఇన్నేళ్లలో సిస్టర్లు నన్ను కోరినవి రెండే. ఒకటి ట్యూబ్ లైటు బిగించడం, రెండోది కుళాయి లీకు ఆపడం.

తెలియనితనం మాలోనే ఎక్కువ. ఒకసారి గుడ్ ఫ్రైడే వాళ్ల పండుగ కదా అని కాలనీ అంతా కలిసి పెద్ద గిన్నెడు కోడికూర వండుకుని పోయాం. అది వాళ్లు ఏసు చావును తలుచుకుని ఉపవాసం ఉండే రోజని మాకేం తెలుసు? సిస్టర్లు నవ్వుతూ గిన్నె అందుకుని అవ్వలందరికీ కడుపునిండా వడ్డించారు. తాము గంజి తాగారు. సంగతి తెలిసి నా భార్య సిగ్గుతో చచ్చిపోయింది. "అవ్వలకు ఈ రోజు పండగే అయింది కదా అక్కా" అంది పెద్ద సిస్టర్, తన మలయాళం యాసలో.

ఆ ఆశ్రమంలో నాకు నచ్చనిది అన్నాల వేళ. ఎవరు తిన్నారో, ఎవరు మంచం మీదే ఉండిపోయారో తెలిసేది కాదు. నా చేతులు ఊరుకోలేదు. ఒక చెక్క తెచ్చి ఇరవై రెండు కొక్కేలు కొట్టాను. స్టీలు ప్లేట్ల మీద నంబర్లు చెక్కించాను. తిన్నాక ఎవరి ప్లేటు వాళ్లు తెచ్చి నా చేతికివ్వాలి, నేను కడిగి తగిలిస్తాను. కొక్కెం ఖాళీగా ఉంటే ఆ అవ్వ తినలేదన్నమాట, వెళ్లి చూడాలి. పెద్ద సిస్టర్ బోర్డు చూసి చాలాసేపు నవ్వింది. కానీ తర్వాత అదే బోర్డును నమ్ముకుంది. ఆ నమ్మకం నాకు గర్వంగా ఉండేది.

పద్నాలుగో నంబరు అవ్వ సిస్టర్లకు బస్టాండులో దొరికింది. పేరు చెప్పదు, ఊరు చెప్పదు. మధ్యాహ్నమైతే మాత్రం "డ్యూటీ దిగే యాళ్లయింది" అంటూ గుమ్మం వైపు చూసేది. ఎవరో గని కార్మికుడి భార్య అని మాకు అంతవరకే అర్థమైంది.

పోయిన ఎండాకాలం, రోడ్డు మీద తారు కరిగే ఒక మధ్యాహ్నం, పదిహేనో నంబరు అవ్వ రెండు ప్లేట్లు తెచ్చింది. "ఇది పక్క మంచమామెది, తీస్కో" అంది. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇదేమన్నా గనా, పాపం ముసలిది, మళ్లీ లేపడమెందుకు అనుకున్నాను. తీసుకుని, కడిగి, తగిలించాను.

మాత్రలిచ్చే వేళకు పెద్ద సిస్టర్ వచ్చి పద్నాలుగో అవ్వ కనబడటం లేదంది. నేను బోర్డు చూపించాను. "ప్లేటు వచ్చింది సిస్టరమ్మా. ఈడనే ఉంటది, బాత్రూముల చూడుండ్రి" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది. నా మాట పట్టుకుని వాళ్లు అరగంట లోపలే వెతికారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ప్లేటు ఎవరి చేతిలోంచి తీసుకున్నానో.

పదిహేనో అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

"ఆమె తిన్నదా?"

"తినలే. బువ్వంత కొంగుల మూటగట్టుకున్నది. ఆయన డ్యూటీ దిగుతడు, పోతున్న అన్నది."

ఆశ్రమం దాటితే బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు. చెప్పుల్లేని ముసలామె, ఆ ఎండలో. దగ్గర్లో ఉన్న గని ఒక్కటే, అది మూతపడి ఏళ్లయింది. నా మోపెడ్ తీశాను. పెద్ద సిస్టర్ నీళ్ల సీసా పట్టుకుని వెనక ఎక్కి కూర్చుంది. మా ఇద్దరినీ అలా చూసి కాలనీ తర్వాత నెలల తరబడి ఆటపట్టించింది. ఆ రోజు మాత్రం దారిపొడవునా రోడ్డు అంచులు చూస్తూ, ఎక్కడా ఏ గుంపూ కనబడకూడదని మొక్కుకుంటూ పోయాను. సిస్టర్ కూడా వెనక ఏదో ప్రార్థిస్తూనే ఉంది.

పాత గని గేటు పక్కన, కిటికీలు ఊడిపోయిన ల్యాంప్ రూం గోడ నీడలో అవ్వ కూర్చుని ఉంది. అరికాళ్లు బొబ్బలెక్కాయి. సిస్టర్ మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు తాగించింది. అవ్వ తాగింది కానీ లేవనంది. నా వైపు చూసింది.

"ఆయన లాంపు వచ్చిందా కొడుకా?"

ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. షిఫ్టు ఆలస్యమైనప్పుడల్లా ఆడవాళ్లు నా కిటికీ దగ్గరికి వచ్చి అదే అడిగేవాళ్లు. వాళ్లకు నేను ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. ఆమెను ఆ ఎండలోంచి లేపడానికి ఇప్పుడు చెప్పాను.

"వచ్చిందవ్వా. పోదాం పా."

"ఆయనే ఇచ్చిండా? ఇంకోళ్ల తోని పంపిండా?"

సొంత పేరు కూడా చెప్పలేని మనిషికి ఆ నియమం గుర్తుంది. ముప్పై రెండేళ్లు దాన్నే పట్టుకు వేళ్లాడిన నేను ఒక మధ్యాహ్నం బద్ధకానికి వదిలేశాను.

"మొఖం చూడకుంట తీసుకున్ననవ్వా. తప్పయింది," అన్నాను.

"మరి వచ్చిందని ఎట్ల చెప్తవ్?" అంది. కోపంగా కాదు, పిల్లాడికి చెప్పినట్టు. "చూసి చెప్పాలె."

"ఇగ నుంచి చూసే చెప్త."

కొంగు విప్పి, ఎండిపోయిన అన్నం ముద్ద తీసి నా చేతుల్లో పెట్టింది. "ఆకలి మీదుంటడు. వస్తనే ఇయ్యి" అంది. రెండు చేతులా అందుకున్నాను. ఏడుపు ఆగలేదు. సిస్టర్ ఫోన్ చేస్తే మా కాలనీ ఆటో వచ్చింది, అవ్వ దానిలో ఎక్కింది.

సాయంత్రం ఆమె కాళ్లకు మందు రాశాక పెద్ద సిస్టర్ నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది, మళ్లీ ఆ గుమ్మం తొక్కకుండా ఉండటానికి నాకో సాకు దొరికేది. "రేపు కాస్త ముందుగా రండి పెద్దన్నా, కుళాయి మళ్లీ కారుతోంది" అంది, అంతే.

మర్నాడు అన్నాల వేళకు బోర్డు దగ్గర నిలబడ్డాను. కాళ్లకు కట్లతో ఉన్న అవ్వను నడవొద్దన్నారు. అయినా గోడ పట్టుకుని, ప్లేటుతో బయల్దేరింది. పదిహేనో అవ్వ సాయం చేద్దామని చెయ్యి చాస్తే ప్లేటు వెనక్కి లాక్కుంది. ముందు రోజు సంగతి ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు. నా దాకా వచ్చి ప్లేటు చేతిలో పెట్టింది కానీ అంచు వదల్లేదు.

"నా మొఖం చూడు," అంది.

చూశాను.

"నేనే ఇచ్చిన," అని వదిలింది.