దుగరాజపట్నం లైట్‌హౌస్ కాడ

పలమనేరులో పుట్టి పెరిగిన నాకు సముద్రమంటే కొత్త. దుగరాజపట్నం పాత లైట్‌హౌస్‌ను ఫొటో తీద్దామని ఒక్కణ్ణే పోయినాను. ఒంటరిగా తిరగడం నాకు అలవాటే; ఇంట్లోనూ నేనొక్కణ్ణే.

పొద్దు నా వెనక వాలుతోంది. ఎండుచేపల గంప మోసుకుపోతున్న ఒక అవ్వ నన్ను చూసి ఆగి, గంప దించి ఇసుకలో కూర్చుంది. ఫొటోలో పడతావు, పక్కకు జరగమన్నాను. లేచి నా వెనక్కొచ్చి కూర్చుంది. నేను నాలుగడుగులు జరిగితే తనూ జరిగింది. నాకు చిరాకేసింది.

"నీకేం పని లేదా అవ్వా?"

"ఉండాది నాయనా. ఇంటికి పోయి కూడు వండాల."

"మరి పోరాదా?"

"ఒంటిగా వచ్చినోళ్లను సముద్రం కాడ ఇడిసిపెట్టి పోము. ఏ మనసుతో వచ్చినారో మాకేం తెలుస్తాది? నువ్వు బస్సెక్కు, నేను పోతా."

నేను చావడానికి రాలేదని చెప్పబోయాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆగిపోయింది. కెమెరా సంచిలో పెట్టి రోడ్డుకు నడిచాను. నేను బస్సెక్కాకే ఆమె గంప తలకెత్తుకుంది.

ఇంటి తాళం తీసి, లైటేసి, ఫొటోలు చూసుకున్నాను. లైట్‌హౌస్ ముందు ఇసుకలో నా నీడ, దాని పక్కనే ఆమె నీడ. కింద కత్తిరిస్తే ఫొటో బాగుంటుంది. చెయ్యి రాలేదు.