అబూసీర్‌లో రాళ్ల కుప్ప

మాదన్నపేటలో ఒక చిన్న బడిలో నేను సోషల్ చెప్పేదాన్ని. ఈజిప్టు పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకంలో ఆ పెద్ద పిరమిడ్ బొమ్మ ఒక్కటే ఉండేది. అబూసీర్ అనే చోట ఒక రాజు కట్టించుకున్న చిన్న పిరమిడ్, దాని ముందు నిండా బొమ్మలు చెక్కిన గుడి ఉన్నాయని ఒకసారి టీవీలో చూశాను. ఎప్పటికైనా అక్కడికి పోవాలని అప్పుడే మనసులో పడింది.

రిటైరయ్యాక టికెట్ కొన్నానని ఇంట్లో చెప్పాను. చనిపోయిన మా ఆయనకు అన్న, మా బావగారు, పేపర్ పక్కన పెట్టాడు.

"మొగుడు లేని ఆడిది సమాధులు చూసుడేంది? కాశీకి పో, పుణ్యమన్న వస్తది."

"కాశీకి మీరు పోండ్రి బావా. నేను గాడికే పోత."

ఇంట్లో చాలా రోజులు లొల్లి నడిచింది. నేను టికెట్ వాపసు చేయలేదు.

మా బడిలోనే ఉర్దూ చెప్పిన నా స్నేహితురాలు తోడొచ్చింది. కైరోలో టూరు గైడు పెద్ద పిరమిడ్లు చూపించి, బస్సును అత్తరు దుకాణం ముందు ఆపాడు. అబూసీర్ ఎప్పుడని అడిగితే, అక్కడ అన్నీ కూలిపోయాయి, చూడటానికి ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే అదే చూస్తామని చెప్పి బస్సు దిగేశాను. నాకంటే ముందే నా స్నేహితురాలు దిగి టాక్సీ ఆపింది.

"బేగంబజార్‌ల బేరం చేసిన నోరు నాది. నువ్వు ఫికర్ చెయ్యకు," అంది.

గైడు చెప్పింది అబద్ధం కాదు. పిరమిడ్ పక్కలు జారిపోయి గుట్టలా మిగిలింది. గుడి గోడలు చాలావరకు లేవు. కానీ కాళ్ల కింద నల్లరాతి నేల ఇంకా ఉంది. కిందపడ్డ పైకప్పు రాయి ఒకదాని మీద వరుసలుగా చుక్కలు చెక్కి ఉన్నాయి, ఆకాశంలా. నేను ఎండలోనే దాని పక్కన కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. స్నేహితురాలు నా మీద గొడుగు పట్టింది.

"మస్తుగున్నయ్," అంది మెల్లగా.

ఇంటికొచ్చాక బావగారు ఫోన్లో ఫోటోలు చూశాడు.

"గీ రాళ్ల కుప్పకా గంత దూరం పోయినవ్?"

"ఔ. గీ రాళ్ల కుప్పకే. మల్ల గూడ పోత."

వెనక నిలబడ్డ ఆయన భార్య, నా తోటికోడలు, ఫోను అందుకుంది. ఆయన ముందు ఆవిడ ఎదురు మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. చుక్కల ఫోటో చాలాసేపు చూసింది.

"ఈసారి నన్ను గూడ తీస్కపో," అంది నాతో.

బావగారు ఏదో అనబోయాడు. ఆవిడ అటు తిరగను కూడా తిరగకుండా, పాస్‌పోర్టుకు ఏమేం కాగితాలు కావాలో నన్ను అడగడం మొదలుపెట్టింది.