లెక్కలో రాని శుక్రవారం

కొన్నేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. నా పేరు తెలియని మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలదు.

లచ్చక్క మా శాంతి నగర్ గల్లీలో కండెలు చుట్టే మనిషి. నాకు తోడబుట్టింది కాదు, అంతకంటే ఎక్కువ. మున్సిపల్ ఎన్నికల్లో నిలబడి కొద్ది ఓట్లతో ఓడిపోయింది. ఆమెకు ఓటేయడానికి వెళ్లిన ఆడవాళ్లలో చాలామందిని, మీ ఓటు అప్పుడే పడిపోయిందంటూ వెనక్కి పంపారు. అందుకే కోర్టుకు పోదామంది.

ఈ ఊరి కోర్టులో అంతా మరాఠీ, ఆమెకు అది రాదు. వకీలు మాటలన్నీ నేనే చెప్పాలి. ఫలితం శనివారం వచ్చింది. పది రోజుల్లో, అంటే ఆ తర్వాత వచ్చే రెండో మంగళవారంలోగా దావా వేయాలి. ఓడితే అవతలివాళ్ల ఖర్చులకని జామీను సొమ్ము కూడా దాంతోపాటే కట్టాలి. ఆ మంగళవారం దాటితే జడ్జీ కూడా ఏమీ చేయలేడని వకీలు నాకు రెండుసార్లు చెప్పాడు.

అక్క ఆ సొమ్మును తనతో పనిచేసే ఆడవాళ్ల దగ్గర పోగు చేస్తోంది. గడువుకు ముందురోజు సోమవారం, మగ్గాల చప్పుడులో నా చెవి దగ్గరికి వచ్చి అడిగింది.

“తమ్మీ, బుధవారానికి పైసలు పూరా అయితయి. శుక్రవారం సుట్టి గదా, అది లెక్కల పట్టరు గదా?”

మా దగ్గర అంతే, శుక్రవారం మగ్గాలకు సెలవు. మగ్గం ఆగిన రోజు రోజే కాదు. కూలికైనా, మాటిచ్చిన గడువుకైనా శుక్రవారం తీసేసే లెక్కపెడతాం.

“పట్టరక్కా. బుధవారం పోదాం” అన్నాను.

ఎందుకన్నాను? ఎవరో బెదిరించారని చెప్పుకోగలిగితే బాగుండేది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. గల్లీలో పన్నెండో తరగతి దాకా చదివింది నేను, అందరి అర్జీలూ రాసింది నేను, నిలబడమని జనం అడిగింది మాత్రం ఆమెను. ఆ కుళ్లు నాలో ఉందని ఆ క్షణం దాకా నాకే తెలియదని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను, అదీ అబద్ధమేనేమో. మంగళవారం వకీలు ఫోన్ చేశాడు. తియ్యలేదు.

బుధవారం కోర్టులో కాగితాలు తీసుకున్నారు. కొన్నాళ్లకు, ఒక్కరోజు ఆలస్యమైందని దావా కొట్టేశారు. ఎన్నికల దావాలో ఆలస్యాన్ని మన్నించే వీలు లేదట. పోయిన ఓట్ల సంగతి ఎవరూ విననే లేదు.

జామీను తిరిగొచ్చింది. అక్క ఇంటింటికీ వెళ్లి ఎవరిది వాళ్లకు ఇచ్చింది. పక్కన నేనూ ఉన్నాను. ప్రతి గడప ముందూ ఒకటే మాట.

“దినాలు లెక్కపెట్టుడు నాకు రాలే. తమ్ముడైతే పాపం నా కోసం మస్తు తిరిగిండు.”

కాదక్కా అనడానికి ఒక్క గడప చాలు. అన్ని గడపలూ దాటాను.

ఆమె మళ్లీ నిలబడలేదు. ఏ కాగితం వచ్చినా ఇప్పటికీ నా దగ్గరికే తెస్తుంది. ఒక్క అక్షరం తప్పకుండా చదివి చెబుతాను. ఎవర్ని మోసం చేస్తున్నాను?

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమె చేతిలో ఉంది, ఆమెను అడిగే ధైర్యం నాకు లేదు. తప్పు లచ్చక్కది కాదు, నాది. ఇన్నాళ్లకు ఒకరితోనైనా అన్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.