నా బూటులో తల్లి సాలీడు

ఎడారిలో ఉన్న మా దుక్మ్ లేబర్ క్యాంపులో బూటు దులపకుండా ఎవరూ కాలు పెట్టరు. ఈ రోజు పొద్దున నేను దులపబోతుంటే, వీపు నిండా పిల్లల్ని మోసుకుంటూ ఒక సాలీడు ఇసుకలో పరుగెత్తుకొచ్చింది. వెనకే కందిరీగ. అది రెండుసార్లు మీద పడినా తల్లి ముందుకాళ్లు లేపి నిలబడింది. సందు దొరకగానే నా బూటులో దూరింది.

బయట కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. "దులుపురా, డ్యూటీకి టైమైంది," అన్నాడు మా రూమ్‌లోనే ఉండే ఫోర్‌మన్ మల్లన్న.

"ఇప్పుడు దులిపితే కందిరీగ పట్టుకపోతది అన్నా. ఈడనే తిరుగుతుంది."

ఆయన వంగి బూటులోకి చూశాడు. "నా పాత జత ఏసుకో. జల్ది రా."

అవి నాకు రెండు సైజులు పెద్దవి. కాళ్లు బొబ్బలెక్కాయి. సాయంత్రం వచ్చి చూస్తే బూటు ఖాళీ, తల్లి పిల్లలతో సహా వెళ్లిపోయింది. మీరైతే దులిపేవారా?